ఓడెల్ రూలుకి మూడు కన్నాలు

ఓడెల్ ఫెస్పర్‌మన్ పికప్ ట్రక్కు వెనక చిక్కుకుంటే ఆ పూట పని తెమలనట్టేనని మా కౌంటీలో అందరికీ తెలుసు. అరవై ఏడేళ్ళ వయసొచ్చినా ఏనాడూ నలభై అయిదు మైళ్ళ వేగం దాటి నడిపిన పాపాన పోలేదు. వెనక హారన్లు మోగిపోతుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఆశీర్వదిస్తున్నట్టు ఊపి, అదే నింపాదితో పోయేవాడు. అలాంటి మనిషి ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని ఏమిటయ్యా అంటే, శనివారం శనివారం మా ట్రాక్ మీద నూట పది మైళ్ళ వేగంతో తిరిగే స్టాక్ కార్లని, అంటే మామూలు కార్లలాగే కనబడే రేసు కార్లని, తనిఖీ చేసి, బాగుంటే స్టిక్కరు అంటించడం.

అంతకు ముందు బట్టల మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. నాలుగొందల మగ్గాలు ఒక్కసారి దడదడలాడుతుంటే, గది మధ్యన నిలబడి తల ఒకవైపు వంచి, ఫలానా వరసలో ఫలానా మగ్గానికి పళ్ళచక్రం అరిగిందని చెప్పేసేవాడు. ఆ చెవులని చూసే రేసులవాళ్ళు తీసుకెళ్ళి తనిఖీ పనిలో పెట్టారు. మిల్లు మూతపడింది గాని ఈ పని మిగిలింది. జీతం అంటూ పెద్దగా లేదు. గుత్తులు గుత్తులుగా కొలతబద్దలు, ఒక టార్చిలైటు, ప్రతి రేసుకి రెండు హాట్‌డాగులు ఉచితం.

చిత్రమేమిటంటే ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా రేసు కారులో కూర్చోలేదు. ఎవరైనా కూర్చుని చూడవయ్యా అంటే, "పెళ్ళికి కేకు చేసినవాడే పెళ్ళికొడుకు కావాలా ఏమిటి?" అనేవాడు.

రేసుకి ముందు కారు తిప్పి చూసుకోకూడదన్న టెస్టింగ్ నిషేధం రూలు రాసింది కూడా ఆయనే. దాని వెనక కథ రాయిస్ పింక్‌స్టన్ దగ్గర మొదలవుతుంది. రాయిస్‌ది ట్రాక్టర్ల వ్యాపారం. మూడు కార్లు నడిపేవాడు. బుధవారం వచ్చిందంటే ట్రాక్ అద్దెకి తీసుకుని, కొత్త టైర్లు వేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి చూసుకునేవాడు. శనివారం నాడు మిగతావాళ్ళు దుమ్ము తినేవాళ్ళు. పౌరుషం కొద్దీ వాళ్ళూ బుధవారాలు మొదలుపెట్టారు. ఒకడు చేపల పడవ అమ్ముకున్నాడు. ఇంకొకడి పెళ్ళాం టైర్లన్నీ వాకిట్లో కుప్పపోసి, వాటితోనే కాపురం చేసుకోమని పుట్టింటికి వెళ్ళిపోయింది. ముప్ఫై ఒక్క కార్లు నిలబడే చోట పద్నాలుగు మిగిలాయి. పైగా బుధవారాల్లో అంబులెన్సు ఉండేది కాదు, ఖర్చని. ఒక కుర్రాడు గోడకి గుద్దుకుని, కాలు విరిగి, ఇరవై నిమిషాలు ఆ కారులోనే మూలుగుతూ కూర్చున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఓడెలే.

ఆ మర్నాడే వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాడు. "నమోదైన డ్రైవరు ఎవరూ, ఏ ట్రాక్ మీదా, ఇంజను వేసి కారు నడిపి చూసుకోరాదు." దాంతోపాటు రేసుకి ముందుండే ప్రాక్టీసు కూడా ఎత్తేయించాడు, టైర్ల ఖర్చు తగ్గుతుందని. ఎవరు ముందో ఎవరు వెనకో చీటీ తీసి వరసలో నిలబడటం, రేసాడటం, ఇంటికి పోవటం. అంతే. తప్పితే పాయింట్లు కోత. రెండేళ్ళు తిరిగేసరికి కార్లు ఇరవై నాలుగయ్యాయి. పడవ అమ్ముకున్నవాడు మళ్ళీ పడవ కొన్నాడు. పుట్టింటికెళ్ళినావిడ తిరిగొచ్చింది. ఓడెల్ భార్య నోలా ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో తగిలించింది. పాలసీసా కోసం వెళ్ళినప్పుడల్లా ఓడెల్ దాన్ని ఒకసారి చదువుకుని మురిసిపోయేవాడు.

ఆ మురిపెం మార్చి నెలలో ఒక మంగళవారం దాకా సాగింది.

ఓడెల్ చెల్లెలు లొరేటాకి ఒక్కతే కూతురు, డెల్ఫీ. ఇరవై ఆరేళ్ళది. పగలు స్కూలు బస్సులు రిపేరు చేస్తుంది, మిగతా వేళల్లో తండ్రి బ్యూఫర్డ్ ఓవర్‌క్యాష్‌తో కలిసి కొట్టంలో తన రేసు కారు రిపేరు చేసుకుంటుంది. పాత బ్రేకులు పగుళ్ళు ఇచ్చాయి. కొత్తవి కొనే స్తోమత లేదు. ఇక్కడి పెద్ద టీములు ఏడాదికోసారి పాత సామానంతా ఆవరణలో పరిచి అమ్మేస్తాయి కదా, అక్కడ తండ్రీకూతుళ్ళు పెద్ద కార్లకి వాడిన బ్రేకుల సెట్టు ఒకటి పట్టుకొచ్చారు. సోమవారానికి బిగించారు. మంగళవారం సాయంత్రం ఓడెల్ వెళ్ళి తనిఖీ చేశాడు. నడుం పట్టేసి ఉంది కాబట్టి కింద పడుకోకుండా, కిటికీలోంచి టార్చిలైటు వేసి చూసి, బాగుందని స్టిక్కరు అంటించాడు. శనివారం సీజను మొదటి రేసు.

స్టిక్కరు అంటించాక డెల్ఫీ చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"మావయ్యా, ఒక్క మాట. ఈ బ్రేకుల్ని ఇంతవరకు ఎవరూ గట్టిగా తొక్కలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తొక్కి చూసుకుంటాను."

"శనివారం తొక్కుదువుగానీలే తల్లీ. జెండా ఊపకముందు నెమ్మదిగా తిప్పే రౌండ్లున్నాయిగా."

"నెమ్మదిగా పోతూ తొక్కితే ఏ బ్రేకైనా పట్టుద్ది మావయ్యా. నేను తొక్కాల్సింది మొదటి మలుపులో, నూట పదిలో పోతూ. ముందు పదిమంది, వెనక పదిమంది ఉంటారు. అప్పుడు పట్టకపోతే ఎవరికి ఉత్తరం రాయను?"

"రూలు రూలే."

పక్కనే నట్లు ఏరుకుంటున్న బ్యూఫర్డ్ తలెత్తాడు. "ఆ రూలు రాసిన మహానుభావుడెవరో గాని, వాడికి మేనకోడలు లేదనుకుంటా బావా."

"బావా, నువ్వు మధ్యలో దూరకు."

"నేనెక్కడ దూరాను? నీ రూలే దూరనివ్వట్లేదుగా ఎవర్నీ ఎక్కడికీ."

"ఇవాళ డెల్ఫీకి వదిలితే, రేపు రాయిస్ మూడు కార్లూ వేసుకుని బుధవారం ట్రాక్ మీద ఉంటాడు. నా మేనకోడలికో రూలు, ఊరికో రూలా? ఈ పిల్ల ఇవాళ రేసాడగలుగుతోందంటే ఆ రూలు పుణ్యమే. మర్చిపోకండి."

డెల్ఫీ ఇంకేమీ అనలేదు. అదే ఓడెల్‌ని బాధపెట్టింది. అరిచి ఉంటే తనూ అరిచి, హాయిగా ఇంటికెళ్ళి భోంచేసేవాడు. మొదటి మలుపు దగ్గర గోడకి రంగు వేసేది తనే కాబట్టి, దాని మీద ఎన్ని కార్ల రంగులు పులుముకుని ఉంటాయో ఆయనకి తెలుసు. ఆ పిల్ల కారు ఆకుపచ్చ. ఆ గోడ మీద ఆకుపచ్చ రంగు ఇంతవరకు లేదు.

బుధవారం పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, అలవాటు కొద్దీ రూలు చదివాడు. మళ్ళీ చదివాడు. పాలసీసా చేతిలో పట్టుకునే మూడోసారి పైకి చదివాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నోలా స్నానాలగదిలోంచి తలకి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి మనిషి కుర్చీలో కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతున్నాడు.

"ఏమైందయ్యా నీకు? ఫ్రిజ్‌లో ఏం కనబడింది?"

"కన్నాలు నోలా! మూడు కన్నాలు! ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కార్లలో కన్నాలు వెతికాను గాని, నా రూలులో ఇంతింత కన్నాలున్నాయని చూసుకోలేదు. నమోదైన డ్రైవరు నడపకూడదు. సరే, నమోదు కానివాడు నడపొచ్చు. ట్రాక్ మీద నడపకూడదు. రోడ్డు మీద? ఇంజను వేసి నడపకూడదు. ఇంజను వేయకుండా కొండ మీంచి వదిలేస్తే?"

నోలా భర్త నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జ్వరమైతే లేదు. ఇంతకీ ఆ నమోదు కాని మొనగాడు ఎవరు?"

ఓడెల్ పాలసీసా బల్ల మీద పెట్టి, ఛాతీ విరిచాడు. నోలా ఒక నిమిషం చూసి, తువ్వాలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది. పోతూ పోతూ, "మధ్యాహ్నం ఎక్కువ తినకు, కిటికీలో ఇరుక్కుంటావు" అంది.

బ్లాక్‌వెల్డర్ కొండ రోడ్డు ఊరికి ఉత్తరాన ఉంది. పైనుంచి కిందికి మైలున్నర తిన్నగా జారుతుంది, అడుగున లూథరన్ చర్చి. బుధవారం అయిదున్నరకి ఆ రోడ్డు మీద పురుగు కూడా కదలదు. ఈస్టరు ముందు నలభై రోజులూ ప్రతి బుధవారం చర్చి హాల్లో సూపు భోజనాలు, జనమంతా లోపలే ఉంటారు. ఇంత తెలివిగా ఆలోచించినందుకు ఓడెల్ తనని తానే మెచ్చుకున్నాడు.

కారుని ట్రెయిలరు మీంచి దింపాక ముగ్గురూ రోడ్డంతా నడిచారు. గులకరాళ్ళు ఏరేశారు. ఎండిన కొమ్మలు తీసేశారు. బ్యూఫర్డ్ ఒక తాబేలుని కూడా ఎత్తి పక్కన పెట్టాడు. డెల్ఫీ నారింజరంగు కోన్లు రెండు పెట్టింది. మొదటిదాని దగ్గర మెల్లగా తొక్కాలి, రెండోదాని దగ్గర ప్రాణం పెట్టి తొక్కాలి. చర్చికి ముందు రోడ్డు వంపు తిరిగే చోటుని కూడా ముగ్గురూ చూశారు. వంపు బాగా వెడల్పుగా ఉందనుకున్నారు. అది కుడివైపు వంపని ఒక్కరికీ తట్టలేదు.

ఇది మా వాళ్ళు మాత్రమే చేయగల తప్పు. మా ట్రాక్ మీద పుట్టి పెరిగినవాడికి లోకంలో మలుపంటే ఎడమ మలుపే. కారుని కూడా అలాగే తయారుచేస్తారు. కుడివైపు టైర్లు పెద్దవి, ఎడమవైపువి చిన్నవి, బరువంతా ఎడమకి. చెయ్యి వదిలేసినా కారు దానంతటదే ఎడమకి తిరుగుతుంది. ఆ టైర్ల చుట్టుకొలత ముప్ఫై ఏళ్ళుగా టేపు పెట్టి కొలుస్తున్న మనిషి ఓడెల్. అయినా తట్టలేదు.

రేసు కారుకి తలుపులుండవు. కిటికీలోంచే దూరాలి. ఓడెల్ మొదట ఒక కాలు పెట్టాడు. తర్వాత రెండోది. నడుం దగ్గర ఆగిపోయాడు.

"ఊపిరి వదులు బావా!" బ్యూఫర్డ్ వెనక నుంచి తోస్తున్నాడు.

"వదిలేశాను! ఇంకేం లేదు వదలడానికి!"

"నోలా అక్క వంట మరీ అంత బాగుంటుందా?"

"నవ్వించకు బావా, నవ్వితే ఉబ్బుతాను!"

మూడోసారి తోస్తే ధబ్బున సీట్లో పడ్డాడు. ఆ సీటు డెల్ఫీ ఒంటి కొలతకి చేయించింది. అందులో ఓడెల్ పొంగిన పిండిలా అన్ని వైపులా నిండిపోయాడు. డెల్ఫీ అయిదు బెల్టులూ బిగించింది, మెడపట్టీ తగిలించింది, తన హెల్మెట్టు ఆయన నెత్తిన కుక్కింది.

"మావయ్యా, భయమేస్తే వద్దులే. దిగిపో."

హెల్మెట్టులోంచి ఓడెల్ కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. పదేళ్ళవాడి కళ్ళలా మెరుస్తున్నాయి. "దిగటానికైనా ఇంకో గంట పడుద్ది. తొయ్యండి!"

తోశారు. మొదటి పది గజాలు ఓడెల్ పికప్‌లో వెళ్ళినట్టే ఉంది. తర్వాత చెట్లు జరగడం మొదలైంది. ఇంజను లేదు కాబట్టి చప్పుడు లేదు, గాలి మాత్రం ఈలేస్తోంది. స్పీడు చూపించే ముల్లు రేసు కార్లలో ఉండదు గనక, నలభై అయిదు ఎప్పుడు దాటిందో ఆయనకి తెలియలేదు. దాటిందని మాత్రం వెనక్కి పరుగెడుతున్న చెట్లు చెప్పాయి. ఓడెల్ ఫెస్పర్‌మన్ నోరు తెరిచాడు. అందులోంచి వచ్చిన కేకని కొండ మీదున్న తండ్రీకూతుళ్ళు చావుకేక అనుకుని పరుగు మొదలెట్టారు గాని, అది సంతోషం. ఇంత సంతోషం ఇంత చవగ్గా దొరుకుతుందని తెలియక అరవై ఏడేళ్ళు వృథా చేశానే అనుకున్నాడు. ఆ అనుకోవడంలో మొదటి కోను దాటిపోయింది. మెల్లగా తొక్కాలన్న సంగతి గుర్తొచ్చేసరికి రెండో కోను కారు ముందు భాగానికి తగులుకుని ఎగిరి పొదల్లో పడింది.

అప్పుడు కనబడింది వంపు. కుడికి.

స్టీరింగు కుడికి తిప్పాడు. ఇంజను లేకపోతే స్టీరింగు రాయిలా బిగుసుకుపోతుందని ఆ క్షణానే గుర్తొచ్చింది. రెండు చేతులా వేలాడాడు. కారు తనకి ఏం నేర్పారో అదే చేసింది. ముచ్చటగా, కొంచెం కూడా తొణక్కుండా, ఎడమకి తిరిగింది. ఎడమన చర్చివాళ్ళు కార్లు నిలుపుకునే తారు స్థలం. హాల్లో గచ్చుకి మైనం పూస్తున్నారని ఆ బుధవారం, వీళ్ళు రోడ్డు చూసుకుని పైకెళ్ళాక, బల్లలన్నీ బయట వేశారు. అరవైమంది లూథరన్లు చెంచాలు పట్టుకుని తల తిప్పారు.

ఓడెల్ రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాడు.

టైర్లు కీచుమన్నాయి. కారు మూతి నేలకి వంగింది. బెల్టులు భుజాల్లోకి దిగాయి. పొగ కమ్మింది. ఆ పొగలో ఆకుపచ్చ కారు మొదటి బల్లకి రెండు మూరల దూరంలో, ముద్దుగా, ఆగింది. బల్ల మీద ఒక గిన్నెలో సూపు అటూ ఇటూ ఊగి, ఒక్క చుక్క కూడా ఒలక్కుండా సర్దుకుంది.

గరిటె పట్టుకుని ఆ బల్ల వెనక వడ్డిస్తున్నది లొరేటా. కూతురి కారు గుర్తుపట్టింది, కూతురి హెల్మెట్టు గుర్తుపట్టింది. "డెల్ఫీ! నా తల్లీ!" అని కెవ్వుమని అరిచి, బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చి, హెల్మెట్టు ఊడబీకింది. లోపలినుంచి ఎర్రగా చెమటలు కారుతున్న అన్న మొహం బయటపడింది.

"ఎంత బాగుందే లొరేటా!" అన్నాడు ఓడెల్.

గరిటెతో ఆ నెత్తి మీద ఎన్ని వేసిందో లెక్క తెలియదు. పాస్టరు వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆపలేదు. బెల్టుల్లో బిగిసిపోయి ఉన్నందువల్ల ఓడెల్‌కి తప్పించుకునే దారి కూడా లేకపోయింది.

"ఓడెల్," పాస్టరు నవ్వు ఆపుకుంటూ అన్నాడు, "ఈ నలభై రోజులూ ఇష్టమైనదేదో ఒకటి మానుకోమన్నాను గాని, రోడ్డు మానుకోమన్నానటయ్యా?"

జనం కడుపులు చెక్కలయ్యేలా నవ్వారు. ఈలోగా డెల్ఫీ, బ్యూఫర్డ్ ఆయాసపడుతూ కిందికొచ్చారు. బ్యూఫర్డ్ తారు మీద నల్లటి చారలు అడుగులతో కొలిచి, "ఏం పట్టింది బావా! ఏం పట్టింది! కొత్తవి కొన్నా ఇంతలా పట్టవు!" అని గంతులేశాడు. ఎవరో ముగ్గురికీ సూపు పోసిచ్చారు. ఓడెల్ కారులోనే కూర్చుని తాగాడు, రాజులాగా.

నలుగురు పట్టి ఆయన్ని బయటికి లాగాక, కారుని తోసుకెళ్ళాలని డెల్ఫీ కిటికీలోంచి లోపలికి వంగి చేత్తో బ్రేకు పెడల్ నొక్కి చూసింది. పెడల్ నేలకి ఆనిపోయింది. వదిలితే పైకి రాలేదు. ఇంకాస్త లోపలికి వంగి తడిమింది. లేచి నిలబడేటప్పటికి ఆమె అరచేతిలో చిటికెనవేలంత పిన్ను ఒకటి ఉంది.

"మావయ్యా, పెడల్‌ని పట్టుకునే పిన్ను. ఊడొచ్చింది. దీనికి క్లిప్పు లేదు."

బ్యూఫర్డ్ గంతులు ఆగిపోయాయి. "పెట్టానే. సోమవారం నేనే... పెట్టానా?" మొహం సున్నం కొట్టినట్టయింది.

క్లిప్పు లేని పిన్ను ఒక గట్టి తొక్కుకి నిలబడింది. రెండోదానికి నిలబడేది కాదు. రేసులో మొదటి మలుపు మొదటి తొక్కు. రెండో తొక్కు మూడో మలుపు దగ్గర. ఓడెల్ ఆ లెక్క తప్పుదేమోనని రెండుసార్లు చేసుకున్నాడు.

"నువ్వు పెట్టకపోవడం పొరపాటు బావా," అన్నాడు చివరికి. "పెట్టలేదని చూడాల్సింది నేను. అందుకే నన్ను పెట్టారు. నిన్న నేను వంగలేదు. నడుం నొప్పని కిటికీలోంచి చూసి స్టిక్కరు వేశాను." డెల్ఫీ వైపు చూడలేకపోయాడు. "పైగా నువ్వు అడిగితే రూలు చెప్పాను."

డెల్ఫీ పిన్ను ఆయన చేతిలో పెట్టి, ఆ వేళ్ళు మూసింది. "పద, కొట్టానికి. ఈసారి నువ్వు కింద పడుకో, నేను టార్చి పట్టుకుంటా."

గురువారం పొద్దున్నే కమిటీ వాళ్ళు హోటల్లో కూర్చుని పలహారం చేస్తూ మాట్లాడుకోవడం ఆనవాయితీ. అయిదుగురు కమిటీ. అందులో ఓడెల్‌తో పాటు రాయిస్ పింక్‌స్టన్ కూడా ఒకడు. ఓడెల్ తన ముందున్న లివర్‌మష్, అంటే పంది కార్జం ముద్ద వేపుడు, ముట్టుకోకుండా, పిన్ను బల్ల మధ్యన పెట్టి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పాడు. మూడు కన్నాలూ చెప్పాడు. నడుం సంగతి కూడా దాచలేదు.

"తెలుసు," అన్నాడు రాయిస్ వేడి బిస్కెట్ రొట్టె మీద జామ్ పూసుకుంటూ. "మా ఆవిడ లూథరన్. సూపు ఒలకలేదటగా."

మిగతా ముగ్గురూ నవ్వారు. ఓడెల్ నవ్వలేదు. "రూలు ఎత్తేయమనట్లేదు. ఎత్తేస్తే మళ్ళీ పద్నాలుగు కార్లవుతాం. కానీ ఒక్క పూట ఉండాలి. రేసు రోజు పొద్దున. అందరూ ఒకేసారి. ఉన్న టైర్లతోనే, తలా ఇరవై రౌండ్లు. అంబులెన్సు ఎలాగూ రేసుకి వస్తుంది, నాలుగు గంటలు ముందు రమ్మందాం. ఒక్కడికి ఎక్కువ, ఒక్కడికి తక్కువ ఉండదు."

రాయిస్ కత్తి కింద పెట్టాడు. "ఓడెల్, రెండేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర, ఇదే కుర్చీలో కూర్చుని నేనేమన్నాను?"

ఓడెల్ పిన్నుని బల్ల మీద వేలితో దొర్లించాడు.

"ఒక్క పూటైనా వదలవయ్యా, తిప్పి చూడకుండా ఎవడైనా రేసుకి దిగుతాడా అన్నాను. నువ్వేమన్నావు? ట్రాక్టర్లు అమ్ముకునేవాడికి పేదోడి టైరు విలువేం తెలుసన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నోరు మూసుకున్నాను."

"నువ్వు బుధవారాలు తిరిగావు కాబట్టి, నీ మాట వినబుద్ధి కాలేదు," అన్నాడు ఓడెల్. "మాట మంచిదే. మనిషిని చూసి మాటని కొట్టేశాను. తప్పు నాదే రాయిస్."

ముప్ఫై ఏళ్ళలో ఓడెల్ నోట తప్పు అనే మాట ఎవరూ వినలేదు. రాయిస్‌కి కూడా ఏం చెయ్యాలో తోచక, తన పళ్ళెంలో బిస్కెట్ ఒకటి తీసి ఓడెల్ పళ్ళెంలో పెట్టాడు. "ఇరవై రౌండ్లకి నేను సరే. కానీ కన్నంలోంచి దూరినా దూరడం దూరడమే. నీ మేనకోడలు చీటీ తియ్యకూడదు, అందరికన్నా వెనక నిలబడాలి. అది న్యాయమా కాదా నువ్వే చెప్పు."

ఓడెల్ న్యాయమేనన్నాడు. ఆ సంగతి విని బ్యూఫర్డ్ రెండు రోజులు బావతో మాట్లాడలేదు. డెల్ఫీ మాత్రం, "వెనక నుంచైతే దాటడానికి ఎక్కువమంది ఉంటారు" అని ఊరుకుంది.

శనివారం పొద్దున్న ఇరవై నాలుగు కార్లు ఇరవై రౌండ్లు తిరిగాయి. అంబులెన్సు వాళ్ళు కుర్చీలు వేసుకుని కాఫీలు తాగారు. రాయిస్ మూడో కారుకే స్టీరింగు బోల్టు వదులైందని పదకొండో రౌండులో తేలింది. దాన్ని చూసి రాయిస్ రెంచీ తీసుకుని బోల్టు తనే బిగించాడు. తర్వాత వెళ్ళి అంబులెన్సు వాళ్ళకి మళ్ళీ కాఫీ తెచ్చిచ్చాడు. ఓడెల్ మాత్రం నోలా ఇచ్చిన పాత దుప్పటి పరుచుకుని ఇరవై నాలుగు కార్ల కిందా దూరాడు. దూరినప్పుడల్లా ఇద్దరు పట్టి లేపాల్సొచ్చింది. జనం ఈలలు వేశారు, "ఓడెల్, సూపు కావాలా!" అని అరిచారు. ఆయన చెయ్యి ఊపి తర్వాతి కారు కిందికి పోయాడు.

మధ్యాహ్నం రెండు గంటలకి రేసు. ఎప్పుడూ స్కోరు గదిలో కాగితాలతో కూర్చునే ఓడెల్ ఆ పూట మొదటి మలుపు కంచె దగ్గర నిలబడ్డాడు. పచ్చజెండా ఊగింది. ఇరవై నాలుగు ఇంజన్లు ఒక్కసారి అరిచాయి. చిట్టచివరన ఆకుపచ్చ కారు. "పో! పో! పో!" అని జనమంతా లేచి గొంతులు చించుకుంటున్నారు.

మొదటి మలుపులో మూడో కారు జారింది. నాలుగోది దాన్ని గుద్దింది. కళ్ళు మూసి తెరిచేలోగా ట్రాక్ అడ్డంగా పొగ, ఆ పొగలో అడ్డదిడ్డంగా నిలబడిపోయిన పది కార్లు. వెనక నుంచి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. అందరికన్నా వెనకున్నది, అందరికన్నా వేగం అందుకుని వస్తున్నది ఆకుపచ్చ కారు. ముందు దారి లేదు. ఎడమన కార్లు, కుడిన గోడ. ఓడెల్ రెండు కాళ్ళూ వాటంతటవే నేలని తొక్కాయి.

కారు మూతి వంగింది. చక్రాల లోపల బ్రేకులు ఎర్రగా వెలిగాయి. వంగిన మూతి అలాగే వస్తూ, వస్తూ, మెల్లబడి, అడ్డంగా ఉన్న కారు కిటికీ ముందు నిలబడిపోయింది. మధ్యలో మనిషి పట్టేంత జాగా ఉంది. లోపలినుంచి తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి పైకి లేచి, నేను బాగున్నానని ఊగింది.

"ఆగింది!" అని అరిచాడు ఓడెల్. "ఆగిందిరా! ఆగింది!" పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని కావలించుకుని ఏడ్చేస్తూ అదే అరిచాడు. ఆరువేలమంది మళ్ళీ పొమ్మని అరుస్తున్నారు. డెల్ఫీ కారు వెనక్కి తీసి, సందు చూసుకుని, కార్ల మధ్యలోంచి బయటపడి అప్పటికే రెండో మలుపుకి వెళ్ళిపోయింది. ఓడెల్ మాత్రం కంచె పట్టుకుని, ఆగిందని ఇంకా అందరికీ చెబుతూనే ఉన్నాడు.